గడప లోపల నవ్వు, గడప బయట కత్తి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శిగారు నెల కిందట ఫోన్ చేసి, "నువ్వు ఇంజినీరువి కదా, నలుగురికీ పనికొచ్చే విషయం ఒక ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. ఎప్పుడని అడిగితే భోజనాల తర్వాత అన్నారు. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం సంగటి తిన్నవాళ్ళ ముందు కాంక్రీటు గురించి మాట్లాడితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని భయపెడుతూ నవ్వించే సినిమాల గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు పలకలేదు. తర్వాత, "సరే, ముందు వరుసలో పెద్దవాళ్ళుంటారు, జాగ్రత్త" అన్నారు. జాగ్రత్తగానే మాట్లాడతాను.

ఈ విషయం నాకు ఎక్కడ పట్టుకుందో మొదట చెబుతాను. 1985లో వంశీగారి 'అన్వేషణ' వచ్చింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. అడవిలో వరుసగా చావులు. పులి చంపుతోందని జనం అనుకుంటుంటారు. వెనకాల ఇళయరాజాగారి సంగీతం. నేను, నా స్నేహితుడు ఇంట్లో చెప్పకుండా కర్నూలుకు సెకండ్ షోకి పోయాం. సైకిలు నాది, తొక్కింది వాడు, వెనక క్యారేజీ మీద నేను. తిరిగి కల్లూరుకు వచ్చేటప్పుడు దారిలో దీపం లేదు. సినిమా చూస్తున్నంతసేపూ తెర మీదున్న అడవి, ఇప్పుడు మా చుట్టూ వచ్చి నిలబడింది. ఇద్దరం ఆంజనేయ దండకం మొదలుపెట్టాం. నాకు సగమే వచ్చు, వాడికి ఆ మిగతా సగం వచ్చు. ఇద్దరికీ కలిపి ఒక దండకం అయింది.

అప్పుడు ఎదురుగా తెల్లటి ఆకారం ఒకటి కనబడింది. తల లేదు. నిలువునా తెలుపే. మెల్లగా మా వైపే వస్తోంది. వాడు బ్రేకు పట్టాడు. ఆ సైకిలుకు బ్రేకు లేదన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. పోయి పోయి ఆ ఆకారం ముందే పడ్డాం. దుప్పటి తొలగింది. లోపల మన లెక్కల అయ్యోరు! రాత్రిపూట కరెంటు ఇస్తారు కాబట్టి చేనికి నీళ్ళు కట్టి, చలికి తల మీదుగా దుప్పటి కప్పుకుని ఇంటికి పోతున్నారు. "ఎవర్రా అది? ఇంత రాత్రప్పుడు యాడికి పోయొస్తాండారు?" అన్నారు.

దెయ్యం కాదని తెలియగానే మాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వు సగంలో ఉండగానే, వచ్చింది దెయ్యం కంటే ప్రమాదమని అర్థమైంది. మరుసటి రోజు లెక్కల పీరియడు మొదటిది. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున అయ్యోరు మా ఇద్దరినీ వరండాలోకి పిలిచారు. చేతిలో బెత్తం ఉంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఒక్క మాటే అన్నారు: "చంపినోడు ఎవరో మాత్రం ఎవరికీ చెప్పొద్దండ్రా. నేనింకా చూళ్ళేదు."

భయం, నవ్వు, మళ్ళీ భయం, మళ్ళీ నవ్వు. ఆ తర్వాత నేను ఎన్ని సినిమాలు చూసినా, ఆ ఒక్క రాత్రీ ఆ పొద్దూ నేర్పిందే వాటిలో కనబడింది. భయమూ నవ్వూ ఎదురింటి శత్రువులు కావు. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు.

కత్తి పట్టినవాడు ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వచ్చే సినిమాలను ఇంగ్లీషువాళ్ళు స్లాషర్ అంటారు. 1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో' వాటికి పెద్దదిక్కు. 1978లో 'హాలోవీన్' వచ్చాక ముసుగు, కత్తి, ఒంటరి ఇల్లు అన్నీ ఒక పద్ధతిగా స్థిరపడ్డాయి. ఉత్కంఠ ఎలా పుడుతుందో హిచ్‌కాక్ ఒక ఉదాహరణతో చెప్పేవాడు. బల్ల కింద బాంబు ఉంది. అది హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు. బాంబు ఉందని ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళను తీరిగ్గా కబుర్లాడనిస్తే, ప్రేక్షకుడు పేలేదాకా కుర్చీ అంచున కూర్చుంటాడు. బాంబు అనగానే మీరంతా నవ్వుతున్నారు. మన జిల్లా సభలో తప్ప ఇంకెక్కడా ఈ మాటకు నవ్వరు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

హాస్యం పనిచేసేది కూడా ఇలాగే. అరటి తొక్క ఉందని మనకు తెలుసు, నడిచేవాడికి తెలియదు. మనకు తెలిసింది వాడికి ఎప్పుడు తెలుస్తుందా అని ఎదురుచూస్తాం. రెండింటికీ యంత్రం ఒకటే, చివర వచ్చేదే వేరు. 1996లో 'స్క్రీమ్' తీసిన వెస్ క్రేవెన్ ఇది బాగా పట్టుకున్నాడు. అందులో పిల్లలందరూ ఇలాంటి సినిమాలు చూసినవాళ్ళే. ఒంటరిగా బయటకు పోకూడదు, ఇప్పుడే వస్తానని చెప్పి పోకూడదు అని నియమాలు వల్లిస్తారు. వల్లిస్తూనే అవే తప్పులు చేస్తారు. మనం నవ్వుతాం, నవ్వుతూనే భయపడతాం.

మన తెలుగువాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. 1957 నాటి 'మాయాబజార్' గుర్తు తెచ్చుకోండి. పెళ్ళిపీటల మీద శశిరేఖ రూపంలో కూర్చున్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలియదు. ఆ పాత్రలో రేలంగి పడే హడలు చూసి మూడు తరాలు నవ్వాయి. ఒక్క క్షణం ఆలోచించండి, అది రాక్షసుడు పెళ్ళికూతురి వేషంలో వచ్చిన కథ. వేరే సంగీతం వేస్తే నిద్ర పట్టదు. ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డిగారు మన పక్కనున్న తాడిపత్రివారు. నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డిగారు కడప జిల్లావారు. సీమకు కోపమే తెలుసుననేవాళ్ళకు ఈ రెండు పేర్లు చెప్పండి.

సినిమాల దాకా ఎందుకు, తొంభైల్లో మన ఊళ్ళ తలుపుల మీద సుద్దతోనూ బొగ్గుతోనూ రాసిన మాట గుర్తుందా? 'ఓ స్త్రీ, రేపు రా'. రాత్రి దెయ్యం వచ్చి తలుపు కొడుతుందని పుకారు. దానికి మనవాళ్ళు కనిపెట్టిన విరుగుడు మంత్రం కాదు, వాయిదా. అప్పులవాడికి చెప్పే మాటే దెయ్యానికీ చెప్పారు. అది రోజూ వచ్చి, చదివి, సరే రేపు వద్దామని పోవాలి. చదువు వచ్చిన దెయ్యం, మాట మీద నిలబడే దెయ్యం! అదే నమ్మకం కర్ణాటకలోనూ ఉంది. 2018లో హిందీలో వచ్చిన 'స్త్రీ' సినిమా ఆ నమ్మకం మీదే నడిచి, దేశమంతా నవ్వించింది. భయపడేవాడే హాస్యం రాస్తాడు. భయం లేనివాడికి తలుపు మీద రాయాల్సిన పని లేదు.

ఇప్పటి తెలుగు సినిమాల్లో ఈ దారికి ఊపు తెచ్చింది 2013లో వచ్చిన 'ప్రేమ కథా చిత్రమ్'. చనిపోదామని ఒక ఇంటికి వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో దెయ్యాన్ని చూసి ప్రాణభయంతో పరుగెత్తుతారు. చావడానికి వచ్చినవాడికి దెయ్యమంటే భయమేమిటి? ఆ ప్రశ్నలోనే నవ్వుంది, మనిషికి బతుకు మీదున్న ఆశ కూడా ఉంది. మరుసటి ఏడు 'గీతాంజలి', ఆ తర్వాత 'రాజుగారి గది' వచ్చాయి. 2017లో మహి వి.రాఘవ్ తీసిన 'ఆనందో బ్రహ్మ' మొత్తం తిరగేసింది. అక్కడ మనుషుల్ని చూసి దెయ్యాలు హడలిపోతాయి.

అన్నీ బాగున్నాయని చెప్పను. ఒకటి ఆడగానే అదే బంగళా, అదే నలుగురు హాస్యనటులు, అవే చెంపదెబ్బలు, ఇంటర్వెల్ తర్వాత అన్యాయమైపోయిన ఆడపిల్ల కథ. మొదటి సగం ఆమెను చూసి నవ్వించి, రెండో సగం ఆమె కోసం ఏడవమంటారు. అతుకు తెలిసిపోతుంది. కాంక్రీటు ఊసు ఎత్తనన్నాను కానీ, ఒక్కసారికి క్షమించండి. మేము పెద్ద కట్టడంలో అక్కడక్కడా కావాలనే సందు వదులుతాం. ఎండకు కాంక్రీటు సాగుతుంది, చలికి కుదించుకుంటుంది. సందు లేకపోతే పగులుతుంది. అయితే ఆ సందు ఎక్కడ వదలాలో ముందే లెక్క కట్టాలి. కట్టేశాక సుత్తితో కొడితే వచ్చేది సందు కాదు, పగులు. మంచి భయహాస్యంలో నవ్వు ముందే లెక్క కట్టిన సందు. చెడ్డదాంట్లో సుత్తి దెబ్బ.

ఇప్పుడు బాంబు సంగతికి వస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఊరు అడిగినవాళ్ళకు కర్నూలు అంటే, ఆ మాటకు ఒక అర్థం ఉండేది. వేసవిలో తాగే నీళ్ళ కష్టం, తుంగభద్ర, కొండారెడ్డి బురుజు, ఇవీ అడిగేవాళ్ళు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది. 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర'. ఆ తర్వాత ఊరు చెబితే, "బ్యాగులో ఏం తెచ్చారండీ?" అని అడగడం మొదలైంది. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే, చూశారా సీమవాడికి కోపమొచ్చింది అంటారు. ఆ సినిమాలు నేనూ చూశాను, కొన్ని రెండుసార్లు. నటులను తప్పుపట్టను. కానీ ఒకటి గమనించండి. వాటిలోనూ కత్తి ఉంది, వెంటాడడం ఉంది, ఒక్కొక్కరూ పోవడం ఉంది. స్లాషర్‌లో ఉన్నవన్నీ ఉన్నాయి. తేడా ఒక్కటే. స్లాషర్‌లో మనం పరుగెత్తేవాడి పక్కన ఉంటాం. వీటిలో కత్తి ఎత్తినవాడి పక్కన ఉంటాం.

సైకిలు తొక్కిన నా స్నేహితుడి సంగతి చెప్పాలి. వాణ్ణి అడిగే చెబుతున్నాను, పేరు మాత్రం వద్దన్నాడు. మేము పదో తరగతికి వచ్చిన ఏడు, వాళ్ళ సొంత ఊళ్ళో గొడవల్లో వాళ్ళ నాయనను చంపేశారు. వాడు వారం రోజులు బడికి రాలేదు. తర్వాత వాళ్ళ మామతో వచ్చి, టి.సి. తీసుకుని పోయాడు. కిటికీలోంచి చేయి ఊపాడు. పబ్లిక్ పరీక్షకు అయిదు నెలలుంది. వాడు రాయలేదు. లెక్కల్లో నాకంటే బాగా చేసేవాడు. లెక్కల అయ్యోరు ఆ రోజు పాఠం చెప్పకుండా, బోర్డు వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డారు.

మళ్ళీ వాణ్ణి చూసింది ఇరవై ఏళ్ళ తర్వాత. వేరే రాష్ట్రంలో చిన్న వ్యాపారం చేసుకుంటున్నాడు. రాత్రి పది తర్వాత ఎవరు తలుపు కొట్టినా, ముందు పక్క గదిలో దీపం వేసి, ఆ తర్వాత ఈ గది కిటికీలోంచి చూస్తాడు. వాడికి ఎవరూ శత్రువులు లేరు. అలవాటు పోలేదు, అంతే.

2010లో రాజమౌళిగారి 'మర్యాద రామన్న' వచ్చింది. ఇద్దరం కలిసి పోయాం. ఏ సినిమా అని వాడికి నేను సరిగ్గా చెప్పలేదు, సునీల్ కామెడీ అన్నాను. తెలియక చేసిన తప్పు. చిన్నప్పుడే ఊరు వదిలిన కుర్రవాడు, ఉన్న కాస్త పొలం అమ్ముకుందామని సీమకు వస్తాడు. వచ్చి వచ్చి, తన మీద పగపట్టిన ఇంటికే అతిథిగా చేరతాడు. ఆ ఇంటి పెద్దది ఒకటే నియమం, గడప లోపల రక్తం పడకూడదు. గడప దాటితే నరుకుతారు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి వాడు బయటకు పోకుండా ఉండడానికి పడే పాట్లే సినిమా. లోపల విస్తరి వేసి వడ్డిస్తారు, బయట కత్తి నూరుతుంటారు. వడ్డించేదీ నూరేదీ ఒకే మనుషులు.

ఈ కథకు మూలం చాలా దూరంలో ఉంది. 1923లో బస్టర్ కీటన్ అనే మూకీ హాస్యనటుడు 'అవర్ హాస్పిటాలిటీ' అని తీశాడు. అమెరికా కొండల్లో హాట్‌ఫీల్డులు, మెకాయ్‌లు అని రెండు కుటుంబాలు పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఒకరినొకరు చంపుకున్నాయి. పేర్లు కొంచెం మార్చి, కీటన్ ఆ పగను నవ్వుగా మలిచాడు. అంటే ఫ్యాక్షన్ మన మట్టిలో మాత్రమే మొలిచిన మొక్క కాదు. అతిథిని ఇంట్లో చంపకూడదన్న మర్యాద కూడా మన ఒక్కరిదే కాదు. అందుకే అంత దూరపు కథ మన గడప మీద సరిగ్గా కూర్చుంది.

ఆ రోజు హాలు గొల్లున నవ్వుతోంది. నేను తెర చూడడం మానేసి వాణ్ణి చూస్తున్నాను. మొదటి అరగంట బిగుసుకుని కూర్చున్నాడు. లేచిపోదామా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఆ కుర్రవాడు గడప దాకా వచ్చి, బయట చూసి, మళ్ళీ లోపలికి అడుగు వేసే చోట వాడికి నవ్వు మొదలైంది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఎప్పుడు ఆగిందో, నీళ్ళు ఎందుకు ఆగలేదో నేను అడగలేదు.

బయటకొచ్చి టీ తాగేటప్పుడు వాడే చెప్పాడు. "ఇన్నేండ్లూ సినిమాకు పోతే, కత్తి లేపినోనికే ఈలలు కొడ్తాండ్రు జనం. మా నాయన అట్లాంటోడు కాదురా. భయపడినోడు. ఆ దినం ఇంట్లోంచి బయటికి రానని కూర్చున్నోడు. పిలుచుకొచ్చి చంపిరి. ఈ పొద్దు మొదటిసారి సూస్తిని, హాలంతా భయపడినోని పక్క కూర్చున్యారు."

నా దగ్గర దానికి జవాబు లేదు. ఈ పదిహేనేళ్ళలో చాలాసార్లు ఆలోచించాను. భయహాస్యం చేసే మంచి పని అదేననిపిస్తుంది. పిరికితనాన్ని చూసి నవ్వించడం కాదు. భయపడడం మనిషి లక్షణమని ఒప్పించి, ఆ భయపడేవాణ్ణి మనకు దగ్గరివాణ్ణి చేయడం. కత్తి ఎత్తినవాడి గొప్ప అక్కడే తగ్గిపోతుంది. వాడు గడప బయట ఎండలో నిలబడి, లోపలివాడు ఎప్పుడొస్తాడా అని చూసే వెర్రివాడిలా కనిపిస్తాడు. ఇదే పగను గంభీరంగా తీసిన సినిమా ఏదీ వాణ్ణి అంత చిన్నవాణ్ణి చేయలేదు.

2021 ఫిబ్రవరిలో, కరోనా తర్వాత హాళ్ళు తెరిచిన కొత్తల్లో, ప్రశాంత్ వర్మ 'జాంబి రెడ్డి' తీశాడు. కథ జరిగేది మన కర్నూలు వైపే. ఫ్యాక్షన్ గొడవల మధ్యకు, పెళ్ళి ఇంటి మీదకు, జాంబీలను వదిలాడు. జాంబీ అంటే చచ్చి లేచి, కరవడానికి వచ్చేవాడు. కరిపించుకున్నవాడూ అదే అయిపోతాడు. నాకు నవ్వు వచ్చింది, తర్వాత ఒక ఆలోచనా వచ్చింది. పగ కూడా అంతే కదా! కరిచినవాడి నుంచి కరిపించుకున్నవాడికి, తండ్రి నుంచి కొడుక్కి. ఆ దర్శకుడు అలా అనుకుని తీశాడో లేదో తెలియదు, సీమవాడికి మాత్రం అలా తోస్తుంది. నా స్నేహితుడు ఆ కాటు తప్పించుకున్నాడు. వాళ్ళమ్మ టి.సి. తీయించి ఊరు దాటించబట్టి తప్పించుకున్నాడు. దానికి వాడు పదో తరగతి చెల్లించాడు.

సినిమాల మీద ఇంతకంటే చెప్పను. ఒక్క కోరిక కోరి దిగిపోతాను.

ఈ సంచిక కోసం మన సంఘం పూర్వ విద్యార్థుల జాబితా తయారుచేస్తోంది. పొద్దున చూశాను, చాలా శ్రద్ధగా చేశారు. మా బ్యాచ్‌లో పదో తరగతి రాసిన అందరి పేర్లూ ఉన్నాయి. నా స్నేహితుడి పేరు లేదు. వాడు రాయలేదు కాబట్టి లేదు, ఎవరి తప్పూ కాదు. కానీ ప్రతి బ్యాచ్‌లోనూ అలాంటివాళ్ళున్నారు. గొడవలకు భయపడి పోయినవాళ్ళు, కరువుకు పనులు వెతుక్కుంటూ పోయినవాళ్ళు, పెళ్ళి చేసి పంపేసిన ఆడపిల్లలు. మధ్యలో పోయినా వాళ్ళు మన బెంచీ మీద కూర్చున్నవాళ్ళే. అడ్మిషన్ రిజిస్టరులో వాళ్ళ పేర్లుంటాయి. హెడ్మాస్టరుగారు ఒప్పుకుంటే, మా బ్యాచ్‌వాళ్ళం ఇద్దరు ముగ్గురం ఒక ఆదివారం కూర్చుని ఆ పేర్లు రాసిస్తాం. తర్వాతి బ్యాచ్‌లవాళ్ళు కూడా వస్తే ఇంకా మేలు.

వాణ్ణి కూడా ఈ రోజు రమ్మన్నాను. "నేనేడ పూర్వ విద్యార్థినిరా, నాకు సర్టిఫికెట్టే లేదు" అని నవ్వాడు. వచ్చే ఏడు జాబితాలో పేరు చూపించి పిలుస్తాను. అప్పుడేం సాకు చెబుతాడో చూస్తాను.

లెక్కల అయ్యోరు ఇప్పుడు లేరు. 'అన్వేషణ' ఆయన చూశారో లేదో చివరిదాకా నేను అడగలేదు. చంపినవాడు ఎవరో మాత్రం ఆయన మాట ప్రకారం ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పను.